కొత్త వెల్ట్ బూట్లు: కుడిది కిర్రుమంటోంది, ఎడమదానికి బుడగల్లాంటి ముడతలు. ఏది లోపం, ఏది కాదు?

కుట్టుదారం:

ఆరంగుళాల ఎత్తు లేసుల బూట్లు. గుడ్‌ఇయర్ వెల్ట్ (పైతోలు అంచు చుట్టూ కుట్టిన పట్టీ, అడుగుని దానికే కుడతారు), తోలు ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి పొర), తోలు మిడ్‌సోల్ (మధ్య పొర), దాని కింద రబ్బరు అడుగు. షాంక్, అంటే మడమకీ ముందుభాగానికీ మధ్య అడుగు లోపల పెట్టే గట్టి పట్టీ, ఉక్కుదని తయారీదారు వివరాల్లో ఉంది. ఇప్పటికి 12 సార్లు వేశాను. రోజు విడిచి రోజు వేస్తున్నాను, మిగతా సమయమంతా రూపు చెడకుండా లోపల చెక్క ట్రీలు (పాదం ఆకారపు దిమ్మెలు) పెట్టి ఉంచుతున్నాను.

కుడి బూటు మొదట్లో నిశ్శబ్దంగానే ఉంది. ఐదోసారి నుంచి కిర్రుమనడం మొదలైంది. మడమ నేలకు ఆనినప్పుడు చప్పుడు లేదు, బరువు మడమ నుంచి మునివేళ్ల వైపు జరిగేటప్పుడే వస్తోంది. మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. నున్నటి నేల మీదా, కార్పెట్ మీదా ఒకేలా వినిపిస్తోంది.

ఎడమ బూటుకి చప్పుడు లేదు గానీ, వేళ్లు వంగేచోట బయటివైపు తోలు బుడగలు కట్టినట్టు ముడతలు పడుతోంది. కుడిదానికి అదేచోట సన్నటి గీతలే ఉన్నాయి. ఇవి కాక, వెల్ట్‌కీ పైతోలుకీ మధ్య సందులో తెల్లటి పొరలాంటిది కనిపిస్తోంది. మడమ దగ్గర లోపలివైపు వెల్ట్ కుట్టులోంచి అర సెంటీమీటరు దారం బయటికి వచ్చింది.

తోలుకి రాసే కండిషనర్ బాగా పట్టిస్తే చప్పుడు పోతుందని చాలామంది అంటున్నారు. పట్టించమంటారా? లేక ఏమీ ముట్టుకోకుండా వెనక్కి పంపమంటారా?

అడుగుచూపు:

కండిషనర్ డబ్బా ఇంకా తెరవకండి. చప్పుడు ఎక్కడిదో తెలియకుండా నూనె పట్టిస్తే రెండు నష్టాలు. ఒకటి, పైతోలు మెత్తబడి రూపు పోతుంది. రెండోది, ఇన్‌సోల్ లోపలికి దిగిన నూనె కింద ఉన్న జిగురుని వదులు చేస్తుంది. అలా వదులైన పొర మళ్లీ ఇంకో కిర్రు పెడుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలైతే ఇంకా ప్రమాదం. వాటిలోని ద్రావకం జిగురుని మెత్తబరచి వదులు చేయవచ్చు.

కార్పెట్ మీద కూడా వస్తోందని రాశారు కాబట్టి అడుగు పైపొర కారణం కాదు. నున్నటి నేల మీద మాత్రమే కీచుమంటే అది వేరే సంగతి. కొత్త రబ్బరు మీద అచ్చులోంచి వచ్చిన జిడ్డు మిగిలి ఉంటుంది. గిన్నెల సబ్బుతో బ్రష్ పెట్టి కడిగి, 120 నంబరు గరుకు కాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దితే సరిపోతుంది.

ఇక మీ బూటుకి నాలుక నుంచి మొదలుపెట్టండి. లేసులు పూర్తిగా తీసేసి, నాలుకని బయటికి మడిచి పది అడుగులు వేయండి. చప్పుడు ఆగితే నాలుక పక్క మడత పైతోలుతో రాసుకుంటోందన్నమాట. ఆ మడతలో చిటికెడు టాల్కం చాలు. ఆగకపోతే లోపల వేసిన ప్యాడ్ ఏదైనా ఉంటే తీసేసి మళ్లీ నడవండి. మడమ కింద అంటించే సగం సాక్ అంచు లేచినా ఇలాగే కిర్రుమంటుంది. వేలిగోటితో అంచు చుట్టూ తడిమితే తెలుస్తుంది.

తర్వాత బూటుని చేతుల్లోకి తీసుకోండి. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందుభాగం పట్టుకుని, నడకలో వంగినంత మేరకే వంచండి. తడిబట్ట పిండినట్టు కొద్దిగా మెలితిప్పండి. లోపల చెయ్యి పెట్టి, బొటనవేలితో బూటు నడుముని, అంటే మడమకీ వెడల్పు భాగానికీ మధ్య ఇరుకైన చోటుని, గట్టిగా నొక్కండి. ఇవన్నీ చేసినా మౌనంగా ఉంటే బరువు పడాల్సిందే. బూటు వేసుకుని ఒంటికాలి మీద నిలబడి ముందుకీ వెనక్కీ ఊగండి. ఇంకొకరిని వేళ్లతో బూటు చుట్టూ తడమమనండి. చెవి తరచూ మోసపోతుంది, వేలు పోదు. కిర్రు పుట్టే చోట సన్నటి అదురు తగులుతుంది.

వేళ్లు వంగే చోట అదిరితే ఇన్‌సోల్ కింద నింపే కార్క్ పొర. నడుములో అదిరితే షాంక్, లేదా ఇన్‌సోల్ అంచు. మడమలో అయితే హీల్ కౌంటర్ (మడమ చుట్టూ తోలు లోపల ఉండే గట్టి ముక్క), లేదా మడమ దిమ్మె పొరల మధ్య ఇరుక్కున్న గాలి. గాలి అయితే కాలు ఎత్తినప్పుడు పుస్సుమంటుంది, కిర్రుమనదు.

కార్క్‌పొర:

వెల్ట్ బూట్ల అడుగులు మార్చే పని నాది. లోపల ఏముందో చెప్తే పై పరీక్షలు ఇంకా తేలికవుతాయి.

ఇన్‌సోల్ కింద అంచు వెంబడి గుడ్డతో చేసిన గట్టులాంటి పట్టీ అంటించి ఉంటుంది. దాన్ని జెమ్మింగ్ అంటాం. పైతోలూ, వెల్ట్ కలిపి ఆ గట్టుకే కుడతారు. గట్టు లోపల మిగిలిన పల్లంలో నడుము దగ్గర షాంక్ పడుకుంటుంది, మిగతా చోటంతా కార్క్ నింపుతారు. దాని కింద మిడ్‌సోల్, దాని కింద అడుగు.

ఐదోసారి నుంచే ఎందుకు మొదలైందంటారా? వేసుకునే కొద్దీ కార్క్ మీ పాదం ఆకారానికి అణుగుతుంది. అణిగినచోట ఒక మిల్లీమీటరు సందు వచ్చినా చాలు, సరిగ్గా అంటించని షాంక్‌కి కదలడానికి చోటు దొరుకుతుంది. ఉక్కు ముక్క ఎండిన తోలుకి రాసుకుంటే వచ్చేది అచ్చం మీరు చెప్పిన చప్పుడే. మెట్ల మీద బరువంతా ముందుభాగం మీదే పడి నడుము ఎక్కువ వంగుతుంది, అందుకే అక్కడ ఎక్కువ. తోలు షాంక్ వాడిన బూట్లలో ఈ గొడవ తక్కువ. చెక్కది ఎక్కువగా అరవదు గానీ విరగవచ్చు.

కిర్రు వేరు, టక్ వేరు. ఈ తేడా చాలా ముఖ్యం. అడుగడుగునా టక్‌మంటూ, చేత్తో వంచితే నడుము రెండో బూటు కంటే తేలిగ్గా వంగుతుంటే షాంక్ విరిగినట్టే. అప్పుడు వేసుకోవడం ఆపేయాలి. విరిగిన కొన ఇన్‌సోల్‌ని పొడుచుకుని పైకి రావచ్చు.

జెమ్మింగ్ ఊడినా చప్పుడు వస్తుంది. దాని గుర్తులు వేరు: వెల్ట్ పైతోలు నుంచి పక్కకి జరిగినట్టు సందు కనిపిస్తుంది, లోపల ఇన్‌సోల్ ముడుచుకుపోతుంది. ముందుభాగం నొక్కితే అడుగు పక్కకి జారుతుంది. కొత్త బూట్లలో అరుదు. బాగా తడిసి, వేడి దగ్గర ఆరబెట్టినవాటిలో ఎక్కువ.

ఒక్క మాట బతిమాలి చెప్తున్నాను. ఇన్‌సోల్‌కి సూదితో చిల్లు పెట్టి జిగురు గానీ నూనె గానీ ఎక్కించమని ఎవరు చెప్పినా వినకండి. జిగురు ఎటు పారుతుందో తెలియదు, గట్టిపడ్డాక ముద్దలా కాలికి గుచ్చుకుంటుంది. ఆ తర్వాత అడుగు విప్పినప్పుడు ఇన్‌సోల్ చిరగకుండా కార్క్ రాదు.

మైనంపూత:

చప్పుడు సంగతి వారిద్దరూ చూస్తున్నారు కాబట్టి నేను తోలు గురించి చెప్తాను.

ఎడమ బూటు మీద మీరు చెప్పినది వదులు గ్రెయిన్‌లా ఉంది. తోలు పైపొరకీ దాని కింద పీచుపొరకీ మధ్య పట్టు బలహీనంగా ఉంటే వంగినప్పుడు పైపొర ఒక్కటే లేస్తుంది. పొట్ట, పక్కల భాగాల తోలులో పీచు వదులుగా అల్లుకుని ఉంటుంది, అందుకే అక్కడ కోసిన ముక్కల్లో ఇది ఎక్కువ. వీపు, పిరుదుల తోలు బిగుతుగా ఉండి సన్నటి గీతలతో ముడుస్తుంది. మీ కుడి బూటు ముక్క అలాంటి చోట కోసినట్టుంది. పరీక్ష: ట్రీ పెట్టి చదును చేశాక, ముడత పక్కన వేలితో తోలుని తోయండి. పైపొర విడిగా జారి మళ్లీ బుడగ లేస్తే వదులు గ్రెయినే. గీత మాత్రమే మిగిలి తోలు గట్టిగా ఉంటే అది మామూలు నడక ముడత.

కండిషనర్‌తో ఇది బాగవదు. పీచుపొరల మధ్య తెగిన పట్టుని ఏ కొవ్వూ అతికించలేదు, నూనె ఎక్కువైతే ఇంకా వదులవుతుంది. బూటు వెంటనే పాడైపోదు గానీ, పైపొర అక్కడే ముందు పగులుతుంది. రెండు బూట్లకీ ఇంత తేడా ఉండటం ముక్కలు జత చేయడంలో జరిగిన పొరపాటు. కొత్తవాటికి మార్పిడి అడగడానికి ఇది న్యాయమైన కారణం. నరాల గీతలు, మానిన గాయాల మచ్చలు, మెడ భాగపు సహజ ముడతలు మాత్రం లోపాలు కావు. గుర్రపు పిరుదు నుంచి తీసే షెల్ కార్డోవన్ అయితే గీతలు పడదు, పెద్ద అలల్లా మడుస్తుంది. దాన్ని చూసి కంగారుపడి వెనక్కి పంపేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తెల్లపొర మూడింట్లో ఒకటి. హెయిర్ డ్రయ్యర్ 15 సెంటీమీటర్ల దూరంలో పట్టి 20 సెకన్లు వేడి గాలి తగలనివ్వండి. కరిగి మాయమైతే అది తోలులోని కొవ్వు పైకి తేలిన పొర. హాని లేదు, గుడ్డతో తుడిచి గుర్రపు వెంట్రుకల బ్రష్ కొట్టండి. వేడికి పోకుండా నూగులా ఉండి వాసన వస్తే బూజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి, ముందు కనబడని చోట రంగు పోతుందేమో చూసి, తుడిచి గాలికి ఆరబెట్టండి. గరుకుగా ఉండి, తడిగుడ్డకి పోయి, ఆరాక మళ్లీ వస్తే ఉప్పు. తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవాలి.

దారం గురించి దిగులు వద్దు. వెల్ట్‌ని అడుగుతో కలిపే పై కుట్టు లాక్‌స్టిచ్, ఒకచోట తెగినా వరసగా విడిపోదు. మడమ దగ్గర లోపలివైపు కనిపించేది మామూలుగా కుట్టు మొదలో చివరో. పాలియెస్టర్ అయితే 2 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించి, లైటర్ మంట అర సెకను చూపించి చల్లటి చెంచాతో నొక్కండి. నార దారమైతే మంట వద్దు, అది కరగదు, కాలుతుంది. కత్తిరించి జిగురు చుక్క పెట్టండి.

అయితే చప్పుడు విషయంలో ఒకచోట విభేదిస్తాను. పైతోలు వెల్ట్‌ని తాకే సందు ఎండిపోయినా కిర్రుమంటుంది. బఠాణీ గింజంత కండిషనర్ పాత టూత్‌బ్రష్‌తో ఆ సందులో మాత్రమే రాస్తే నష్టం ఉండదు.

అడుగుచూపు:

పాత బూట్లకి ఒప్పుకుంటాను. 12 సార్లు వేసిన కొత్త జత, పైగా వెనక్కి పంపే ఆలోచన ఉంది. ఏదైనా పూసినట్టు తెలిస్తే మార్పిడికి అడ్డు చెప్పొచ్చు. పైగా తోలులోంచి కొవ్వే పైకి తేలుతుంటే ఆ సందు ఎండిపోయి ఉండదు కదా. ముందు పొడి, ఆ తర్వాతే కొవ్వు.

కుట్టుదారం:

పరీక్షలు చేశాను. లేసులు తీసినా చప్పుడు అలాగే ఉంది. సగం సాక్ అంచు ఎక్కడా లేవలేదు. చేత్తో వంచితే ఏమీ లేదు. నిలబడి ఊగితే నడుములో, లోపలి వంపువైపు అదురు స్పష్టంగా తగిలింది. టక్‌మనడం లేదు. రెండు బూట్లూ ఒకే బిగువుతో వంగుతున్నాయి. తెల్లపొర డ్రయ్యర్ వేడికి పోయింది. ఎడమ బూటు ముడత పక్కన తోస్తే పైపొర జారుతోంది. అంటే షాంకే అనుకోవచ్చా?

కార్క్‌పొర:

ఇంకొక్కటి తేల్చుకోవాలి. నడుములో ఇన్‌సోల్ అంచు లైనింగ్‌కి రాసుకున్నా అక్కడే అదురుతుంది. పావు టీస్పూను టాల్కం తీసుకుని, లోపల ఇన్‌సోల్, లైనింగ్ కలిసే గీత వెంబడి నడుము రెండువైపులా వేయండి. మెత్తటి బ్రష్‌తో సందులోకి నెట్టి, అడుగుని అరచేత్తో నాలుగుసార్లు తట్టి, రాత్రంతా వదిలేయండి. మిగిలిన పొడి దులిపేసి మూడుసార్లు వేసుకుని చూడండి. చప్పుడు తగ్గితే అంచే. కొన్ని వారాలకి మళ్లీ వస్తే మళ్లీ పొడి వేసుకోవచ్చు, లోపమేమీ కాదు. రవ్వంత కూడా తగ్గకపోతే షాంక్ లేదా దాని చుట్టూ కార్క్. పొడి అక్కడికి చేరదు, ఇన్‌సోల్ మూసేసి ఉంటుంది.

షాంక్ అయితే బయటినుంచి మందు లేదు. మడమ దిమ్మె ఊడదీసి, కుట్టు కోసి, అడుగు ఎత్తాలి. షాంక్‌ని మళ్లీ జిగురుతో కూర్చోబెట్టి, పైన పల్చటి ఫెల్ట్ పట్టీ వేసి, కార్క్ కొత్తగా నింపి కుట్టాలి. అది పూర్తి అడుగు మార్పిడికి సమానమైన పని. వారంటీ లేని బూటైతే ఎలాగూ అడుగు అరిగి మార్చే రోజు వస్తుంది, అప్పుడే ఇదీ చేయించుకోవడం మేలు. వదులు షాంక్ వల్ల బూటు బలం తగ్గదు.

కుట్టుదారం:

మూడుసార్లు వేశాను. పొడితో తేడా లేదు.

కార్క్‌పొర:

అయితే పంపండి. షాంక్ ఒక్కటే అయితే ఓపిక పట్టమనేవాణ్ని, వదులు గ్రెయిన్ కూడా ఉంది కాబట్టి ఈ జత మార్చుకోవాల్సిందే.

రాసేటప్పుడు "చప్పుడు వస్తోంది" అని వదిలేయకండి. ఏ బూటు, అడుగులో ఏ క్షణం, ఏయే పరీక్షలు చేశారు, పొడి ఎంత వేశారు అన్నీ రాయండి. ఒంటికాలి మీద ఊగుతున్నప్పుడు ఫోన్ నడుము పక్కన పెట్టి 20 సెకన్ల వీడియో తీయండి, వెంటనే ఎడమ బూటుతో అదే చేసి చూపించండి. ముడతల ఫొటోలు రెండు తీయండి, ట్రీ పెట్టి ఒకటి, వేసుకుని మునివేళ్ల మీద లేచినప్పుడు ఒకటి. పక్కనుంచి పడే వెలుతురులో తీస్తేనే బుడగలు కనిపిస్తాయి. లోపలి పొడి పూర్తిగా దులపండి. ఆ దారం ముక్కని కత్తిరించకండి, ఉన్నది ఉన్నట్టే వెళ్లనివ్వండి.

కొత్త జత రాగానే కార్పెట్ మీదే నడిచి చూడండి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వెనకనుంచి మడమ కుట్టు నిటారుగా ఉందా, ఎత్తుల్లో 3 మిల్లీమీటర్లకి మించి తేడా ఉందా చూడండి. లోపల మడమ దగ్గర చెయ్యి పెట్టి మేకు కొనలు తగులుతాయేమో తడమండి. ఈసారి అడుగు అరగకముందే రెండు బూట్లతోనూ ఒంటికాలి మీద ఊగి చూడండి.