అప్‌డేట్: హిందీ ‘నే’ వాక్యాల సమస్య తీరింది

ఎనిమిదో తరగతి చదివే మా పాప హిందీలో ‘నే’ వాక్యాలు (జరిగిపోయిన పని చెప్పేటప్పుడు సకర్మక క్రియ, అంటే కర్మ తీసుకునే క్రియ ఉంటే కర్తకు ‘నే’ చేరేవి) తప్పు రాస్తోందని, ఏ యాప్ మంచిదో చెప్పమని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది అంకీలో (ఫ్లాష్‌కార్డుల యాప్) ఖాళీలు పూరించే కార్డులే. కానీ ముందు హిందీ టీచర్‌కు నోట్‌బుక్ చూపించాం. ‘నే’ ఎక్కడ పెట్టాలో పాపకు తెలుసు, క్రియ దగ్గరే తడబడుతోందని ఆవిడ చెప్పారు. తెలుగులో క్రియ కర్తను బట్టి మారుతుంది. హిందీలో ‘నే’ వచ్చాక కర్మను బట్టి మారుతుంది: రామ్ నే రోటీ ఖాయీ, సీతా నే ఆమ్ ఖాయా. రోటీ స్త్రీలింగమని తెలియకపోతే ఎన్ని సూత్రాలు బట్టీపట్టినా లాభం లేదు. అందుకే లింగం తెలిసేలా నామవాచకాలను విశేషణంతో కలిపి కార్డుల్లో పెట్టాం: అచ్ఛీ కితాబ్, ఠండా పానీ. ఆ తర్వాతే వాక్యాలు. జవాబు టైప్ చేసేలా పెట్టుకోండి. ఫోన్ కీబోర్డులో సజెషన్స్ తప్పకుండా ఆపేయండి, లేదంటే సగం జవాబు అదే అందిస్తుంది. లానా (తేవడం), భూల్‌నా (మరచిపోవడం) సకర్మకాలైనా ‘నే’ తీసుకోవు, వాటికి విడిగా కార్డులు చేశాం.

డబ్బు కట్టే యాప్, వీడియో కోర్సు అవసరం పడలేదు. ఇప్పుడు కర్మకు ‘కో’ (మన ‘ని/ను’ లాంటిది) చేరిన ‘నే’ వాక్యాలు మొదలుపెట్టింది. అక్కడ క్రియ ఎప్పుడూ పుంలింగ ఏకవచనమే కాబట్టి టెన్షన్ లేదు.