కొండలెక్కే గ్రూపుకి ఏ రూల్స్ పెట్టాలి? విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

తూర్పుకనుమ_బెజవాడ:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఆదివారం పొద్దున్నే కొండలెక్కే వాళ్ల కోసం ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. మొదట్లో తెలిసిన స్నేహితులమే. కొండపల్లి ఖిల్లా, యనమలకుదురు కొండ, మంగళగిరిలో పైన గండాలయ స్వామి దాకా వెళ్లొచ్చేవాళ్లం, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూస్తేనే తెలిసేది. ఇప్పుడు గ్రూపు బాగా పెరిగిపోయింది, సగం మంది ముఖాలు కూడా నాకు తెలియవు. ఎవరో ఒకరు "రేపు కొండవీడు, ఎవరెవరు వస్తారు" అని పెడితే చాలు, నేనొస్తా నేనొస్తా అంటూ పాతికమంది తేలతారు. దారి ఎవరికి తెలుసు, నీళ్లు ఎవరు తెస్తున్నారు, ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు అని ఒక్కరూ అడగరు.

పోయిన నెల కొండపల్లిలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కోట వెనక నుంచి అడవిలోకి దిగిపోయారు. వాళ్లు ముందే ఇంటికి వెళ్లిపోయారనుకుని మిగతావాళ్లు బండ్లు తీశారు. మధ్యాహ్నం ఒకబ్బాయి వాళ్ల అమ్మగారు నాకు ఫోన్ చేసి "బాబూ, మావాడు ఎక్కడున్నాడు" అంటే ఏం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే ఆ రోజు నేను వెళ్లనే లేదు. చివరికి మేకల కాపరులు దారి చూపించి కిందికి తీసుకొచ్చారు, ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి శనివారం రాత్రి వస్తే నాకు టెన్షనే.

గ్రూపు మూసేయడం ఇష్టం లేదు. ఎంతోమందికి మన చుట్టూ ఇన్ని కొండలున్నాయని దీనివల్లే తెలిసింది. నడక పోస్టు ఎవరు పెట్టాలి, పిల్లల్ని రానివ్వాలా, కొందరు తాడు కొని బండలెక్కుదాం అంటున్నారు దానికి ఏం చెప్పాలి, ఇవన్నీ అడగాలనుంది. ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

కోటప్పకొండ_కాలిబాట:

బ్రదర్, నేను గుంటూరులో ఇలాంటిదే చాలాకాలంగా నడుపుతున్నాను. మీరడిగిన వాటిలో మొదటిదే అన్నిటికంటే ముఖ్యం. పోస్టు ఎవరైనా పెట్టొచ్చు అన్నంతకాలం ఏ నడకకీ బాధ్యుడు ఉండడు. మా దగ్గర లీడర్ పేరు లేని పోస్టుని అడ్మిన్ వెంటనే తీసేస్తాడు. లీడర్ అంటే ఆ దారిలో అంతకుముందు ఎక్కి దిగినవాడు, అంతే, పెద్ద సర్టిఫికెట్లు అక్కర్లేదు. కానీ "ఇక చాలు, వెనక్కి తిరుగుదాం" అని పాతికమంది ముందు చెప్పగలిగే మనిషి అయ్యుండాలి. ఇది దారి తెలియడం కంటే కష్టం. పైన ఫొటో దిగకుండా వెనక్కి రావడం జనానికి మింగుడుపడదు.

ఇక రెండోది, ముందు నడిచేవాడి కంటే చివర నడిచేవాడు ముఖ్యం. అందరికంటే వెనక ఒకరు ఉండాలి, ఆయన్ని దాటి ఎవరూ వెనకపడకూడదు, ఎవరైనా చెప్పులు సర్దుకోవడానికి ఆగినా ఆయనా ఆగాలి. బాగా నడవగలిగినవాడినే అక్కడ పెట్టండి. చాలామంది నీరసంగా ఉన్నవాళ్లను వెనక వదిలేసి గట్టివాళ్లందరూ ముందుకు పోతారు, సరిగ్గా అక్కడే మనుషులు తప్పిపోయేది. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాళ్లు ఆగి, చివరి మనిషి కనబడ్డాకే కదలాలి. కొండపల్లి లాంటి చోట ఘాట్ రోడ్డు ఉంది కదా అని ధీమాగా ఉంటారు, కోట దాటి అడవిలో అడుగు పెట్టాక కట్టెల కోసం, మేకల కోసం పడ్డ బాటలు అన్నీ ఒకేలా ఉంటాయి.

తలలు లెక్కపెట్టడం ఎక్కేముందు ఒకసారి, పైన ఒకసారి, కిందికొచ్చాక ఒకసారి. ఎవరైనా మధ్యలో వెళ్లిపోవాలంటే లీడర్‌కి నోటితో చెప్పి వెళ్లాలి, మెసేజ్ పెట్టాను అంటే కుదరదు, ఎందుకంటే కొండ వెనక సిగ్నల్ ఉండదు. అందరూ దిగారని లీడర్ గ్రూపులో రాసేదాకా ఆ నడక అయిపోనట్టే. ఫలానా టైముకి ఆ మెసేజ్ రాకపోతే ఇంటి దగ్గరున్న ఒక అడ్మిన్ ఫోన్లు మొదలుపెడతాడు. మీరు వెళ్లని రోజున కూడా ఆ తల్లికి మీరు జవాబు చెప్పగలిగేది అప్పుడే.

ఎమర్జెన్సీ_డ్యూటీ:

నేను నర్సుని. మన దగ్గర కొండల మీద పెద్ద ప్రమాదం లోయల వల్ల కాదు, ఎండ వల్ల. రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది కానీ మార్చి దాటాక బెజవాడ బండ మీద తొమ్మిదింటికే కాళ్లు కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుతుండగా ఎక్కి ఎండ ముదరకముందే కిందికొచ్చేయాలి, లేటుగా వచ్చినవాళ్ల కోసం బయల్దేరే టైము జరపొద్దు.

వడదెబ్బని చాలామంది కళ్లు తిరగడం అనుకుని నీడలో కూర్చోబెట్టి వదిలేస్తారు. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టే. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి, నడకలో తగిలే వడదెబ్బకి చెమట పడుతూనే ఉండొచ్చు. 108 కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి. దగ్గరున్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, చున్నీలతో టవల్స్‌తో గట్టిగా విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మామూలు నీరసానికి ఓఆర్‌ఎస్ చాలు, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లీటర్ ప్యాకెట్‌ని చిన్న బాటిల్‌లో కలిపి చిక్కగా తాగేస్తున్నారు, అది మంచిది కాదు.

పాముకాటు గురించి కూడా గ్రూపులో పైన పిన్ చేసి పెట్టండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి ఈ నాలుగే, నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్. తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేయండి, వాపు వచ్చాక రావు. కాలు విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా చేసి, నడిపించకుండా మోసుకుంటూ దింపండి. పాముని పట్టుకుని ఆసుపత్రికి తేవాల్సిన పని లేదు, లక్షణాలు చూసే వైద్యం చేస్తారు. కట్లపాము కరిస్తే నొప్పీ గాటూ సరిగా తెలియకపోవచ్చు, తర్వాత రెప్పలు వాలిపోతాయి, కాబట్టి "ఏమీ కాలేదులే" అని ఇంటికి పంపకండి. గుంటూరు, విజయవాడ రెండు చోట్లా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి, నాటు మందు దగ్గర ఆగకుండా నేరుగా అక్కడికి తీసుకురండి. చేతులు జోడించి చెప్తున్నా, ఆలస్యం చేసి తెచ్చినవాళ్లను చూసి చూసి రాస్తున్నాను.

నల్లరేగడి:

ఇన్ని రూల్స్ పెడితే ఎవరొస్తారండీ? ఆదివారం సరదాగా కొండెక్కుదామని వస్తే పేరు రాయి, తలలు లెక్కపెట్టు, ఇదేమన్నా స్కూలా? పెద్దవాళ్లం, ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకుంటాం. మా తాతలు ఏ గ్రూపూ లేకుండా కొండవీడు ఎక్కారు.

కోటప్పకొండ_కాలిబాట:

నల్లరేగడి గారూ, మీ తాతలకి ఆ కొండ తెలుసు, పక్కన నడిచే మనిషీ తెలుసు. ఇక్కడ ఒకరికొకరు తెలియనివాళ్లు ఒక మెసేజ్ చూసి వస్తున్నారు. తేడా అక్కడే ఉంది.

2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో చదవండి. ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ఎండుగడ్డిలో అంటుకున్న మంటల మధ్య చిక్కుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. చాలామంది ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగ్‌కి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. మన కొండల మీద కూడా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక సిగరెట్ పీక చాలు.

రూల్స్ చూసి పదిమంది మానేస్తే మానేయనివ్వండి. పర్మిషన్ సంగతి కూడా ఇందులోదే. కొండపల్లి చుట్టూ ఉన్నది రిజర్వ్ ఫారెస్ట్, కోట చూసి రావడం వేరు, అడవి లోపలికి వెళ్లడం వేరు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి వెళ్లండి, మీరు లోపల ఉన్నారని తెలిస్తే ఏదైనా జరిగినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చేది వాళ్లే. నల్లమల వైపు వెళ్దామని ఎవరైనా పోస్టు పెడితే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. అది నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం.

ఉండవల్లి_మెట్లు:

అడ్మిన్ గారూ, నేను మీ గ్రూపులోనే ఉన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క మాట. నడకకి వచ్చిన మర్నాడే తెలియని నంబర్ల నుంచి "హాయ్, నిన్న మిమ్మల్ని చూశాను" అని మెసేజ్‌లు వస్తున్నాయి. ఇద్దరు ఫ్రెండ్స్ ఈ కారణంగానే గ్రూపు వదిలేశారు, బయటికి చెప్పలేదు. గ్రూపుని వాట్సాప్ కమ్యూనిటీగా మార్చి నడక పోస్టులు అనౌన్స్‌మెంట్ గ్రూపులోనే పెడితే ఒకరి నంబర్ ఒకరికి కనబడదు. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్, ఆస్తమా, షుగర్ లాంటి వివరాలు ఆ రోజు లీడర్ ఒక్కరికే ఇవ్వాలి, సాయంత్రానికి తీసేయాలి. ఇలా మెసేజ్ చేసినవాళ్లను మాత్రం రెండో అవకాశం లేకుండా తీసేయండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే అమ్మో నాన్నో వెంట రావాలి, ఫోన్‌లో ఓకే చెప్పడం సరిపోదు.

ఎనిమిది_ముడి:

తాడు సంగతి నేను చెప్తాను, క్లైంబింగ్ నేర్చుకుని కొన్నేళ్లుగా చేస్తున్నాను. దయచేసి గ్రూపులో దీన్ని పూర్తిగా ఆపేయండి, నేర్పేవాళ్లు దొరికేదాకా. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు బరువు మోయడానికి పనికొస్తుంది కానీ పడే మనిషిని ఆపడానికి కాదు. క్లైంబింగ్‌కి వాడే డైనమిక్ రోప్ పడ్డప్పుడు సాగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది. సాగని తాడైతే ఆ దెబ్బంతా నడుము మీద, ఆంకర్ మీద, అంటే తాడుని పైన బండకి బిగించిన చోట పడుతుంది. బండి హెల్మెట్ పెట్టుకుంటాం అంటారు, పై నుంచి పడే రాయి కోసం చేసిన హెల్మెట్ వేరే ఉంటుంది.

అసలు మన కొండల రాయే నమ్మదగ్గది కాదు. బెజవాడ చుట్టూ ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ అనే రకం రాయి, గాలికీ వానకీ పుచ్చి పొరలు పొరలుగా ఊడొస్తుంది, గట్టిగా ఉందనుకుని పట్టుకున్న ముక్క చేతిలోకి వచ్చేస్తుంది. 2024 ఆగస్టు ఆఖరు వానలకి మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు, గుర్తుంది కదా. వాన పడుతున్నప్పుడే కాదు, గట్టి వాన తగ్గాక కూడా కొన్ని రోజులు ఏటవాలు బండల కింద నుంచి నడక పెట్టకండి.

నేర్చుకోవాలని నిజంగా ఉన్నవాళ్లను భువనగిరికి పంపండి. ఒకటే పెద్ద గ్రానైట్ బండ, అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది ఆ బండ మీదే. అక్కడ ముందు నేర్పేది ఎక్కడం కాదు, పక్కవాడి హార్నెస్ (నడుముకి కట్టుకునే బెల్టు) బకిల్, తాడు ముడి సరిగా ఉన్నాయా, క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) లాక్ అయిందా లేదా చూడటం. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ప్రతిసారీ ఒకరివి ఒకరు చూస్తారు. తాడుతో కిందికి దిగేటప్పుడు తాడు చివర ముడి వేయాలి. ఆ ముడి లేక తాడు చేతిలోంచి జారిపోయి పడిపోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లలో బాగా పేరున్న క్లైంబర్లు కూడా ఉన్నారు.

తూర్పుకనుమ_బెజవాడ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఉండవల్లి_మెట్లు గారూ, ఆ మెసేజ్‌ల సంగతి నాకిప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నంబర్లు నాకు విడిగా పంపండి, ఈ రాత్రికే తీసేస్తాను. తాడు పోస్టులు ఇక ఉండవు. లీడర్ పేరు, చివర నడిచే మనిషి పేరు లేకుండా నడక ఉండదని రేపే పెడతాను. నల్లరేగడి గారూ, మీరూ రండి, కానీ పేరు రాయాలి.

ఒకటి మిగిలింది. మధ్యాహ్నాలు ఉన్నట్టుండి గాలివానలు, పిడుగులు. కొండ మీద ఉండగా మబ్బు పడితే ఏం చేయాలి?

కోటప్పకొండ_కాలిబాట:

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ముప్ఫై లోపు వినబడితే పిడుగు మీ మీద కూడా పడగలిగే దూరంలో ఉన్నట్టే, శిఖరం, కోట బురుజు, ఒంటరి చెట్టు, టవర్ అన్నీ వదిలి కిందికి దిగడమే. గుంపుగా దగ్గర దగ్గరగా నిలబడొద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. లీడర్ ఫోన్‌లో దామిని యాప్ ఉంటే చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది, మన విపత్తుల సంస్థ నుంచి ఫోన్‌కి వచ్చే హెచ్చరికలని కూడా చూడకుండా తీసేయకండి. సాయం కావాలంటే 112. ఒక విజిల్ కూడా ప్రతి ఒక్కరి బ్యాగులో ఉండాలి, నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు, అది కొండల్లో సాయం అడిగే పద్ధతి. అరిచి అరిచి గొంతు పోతుంది, విజిల్ పోదు.

తూర్పుకనుమ_బెజవాడ:

రాసుకున్నాను అన్నా. వచ్చే ఆదివారం కొండపల్లి పెడుతున్నాం, కోట వరకే. లీడర్‌గా నేనే వెళ్తాను. మొదటిసారి ఇలా చేస్తున్నాం కాబట్టి చివర నడవడానికి మీరు గుంటూరు నుంచి రాగలరా?

కోటప్పకొండ_కాలిబాట:

వస్తాను. తెల్లారకుండా కొండపల్లి రైల్వే స్టేషన్ దగ్గర కలుద్దాం. పేర్ల లిస్టు శనివారం రాత్రే నాకు పంపండి, ఆ తర్వాత కొత్త పేర్లు తీసుకోవద్దు.