చెరువులో ఫలరోప్ లాంటి పిట్ట: రికార్డు నిలవాలంటే ఏం రాయాలి, ఎవరికి చెప్పాలి?

గట్టుబాట

నిన్న పొద్దున 7:20కి చెరువు నడుమ ఒంటరిగా ఈదుతున్న చిన్న పిట్ట కనబడింది. లోతు తగిలి కాసేపు తేలడం కాదు, చూసిన పది నిమిషాలూ నీళ్ల మీదే ఉంది. బొంగరంలా తిరుగుతూ నీటి పైభాగాన్ని పొడుస్తోంది. తల తెల్లన, కంటి నుంచి వెనక్కి నల్లని మచ్చ, ముక్కు నల్లగా సన్నగా ఉంది. దూరం సుమారు 120 మీటర్లు. నా దగ్గర ఉన్నవి 8×42 బైనాక్యులర్లు, 400 మి.మీ. లెన్సు. ఫొటోలో పిట్ట 60 పిక్సెళ్లకు మించి లేదు.

ఈబర్డ్‌లో (పిట్టల రికార్డులు నమోదు చేసే వెబ్‌సైటు, యాప్) రెడ్-నెక్డ్ ఫలరోప్ (నీళ్ల మీద ఈదుతూ మేసే చిన్న ఉల్లంకి పిట్ట) అని ఎక్కించబోతే ఎర్ర గుర్తు వేసి వివరాలు అడిగింది. గ్రే ఫలరోప్ కాదని ఎలా తేల్చాలి? ఆ వివరాల పెట్టెలో ఏం రాస్తే ఒప్పుకుంటారు? చోటు గ్రూపుల్లో చెప్పొచ్చా? మెర్లిన్‌కి (పిట్టలను గుర్తించే యాప్) ఫొటో చూపిస్తే రెడ్-నెక్డ్ అనే అంది. అది చాలదా?

నీటికోడి

ముందు మెర్లిన్ సంగతి. అది ఫొటోతో పాటు మీరిచ్చిన తేదీ, చోటు కూడా చూసి జవాబు చెబుతుంది. దారి తప్పి వచ్చిన పిట్ట విషయంలో సరిగ్గా అక్కడే దెబ్బ తింటుంది, ఎందుకంటే ఆ చోట ఉండకూడని పిట్టే కదా మన ప్రశ్న. సూచనగా తీసుకోండి, సాక్ష్యంగా కాదు. రివ్యూయర్‌కి (ఈబర్డ్ రికార్డులను పరిశీలించేవాళ్లకి) "మెర్లిన్ చెప్పింది" అని రాస్తే ఏమీ రాయనట్టే.

ఇక గుర్తింపు. బొంగరంలా తిరుగుతూ ఎంతసేపైనా నీటి మీదే ఉండటం ఫలరోప్‌కి బలమైన గుర్తే, కానీ మిగతా ఉల్లంకి పిట్టలను (నీటి అంచున మేసేవి) ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి. మార్ష్ శాండ్‌పైపర్ ముక్కు కూడా సూదిలాగే ఉంటుంది, అప్పుడప్పుడు ఈదుతుంది కూడా. కానీ దాని కాళ్లు పొడవు, మెడ పొడవు, కంటి వెనక నల్ల మచ్చ ఉండదు. సాండర్లింగ్ తెల్లగా ఉన్నా ఇలా ఈదుతూ మేయదు.

ఫలరోప్‌లలో మూడు జాతులు. విల్సన్స్ ఫలరోప్‌కి ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ కనబడదు, చలికాలంలో నల్ల మచ్చ కూడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు. అసలు చిక్కు రెడ్-నెక్డ్‌కీ గ్రేకీ మధ్యే. చూడాల్సినవి రెండు.

ముక్కు: రెడ్-నెక్డ్‌ది మొదలు నుంచి కొన దాకా సూది, పూర్తిగా నలుపు. గ్రేది మందంగా, కొంచెం పొట్టిగా ఉంటుంది. మొదట్లో పసుపు ఛాయ ఉండొచ్చు, లేకపోవచ్చు. రంగు కంటే మందాన్ని నమ్మండి.

వీపు: చలికాలపు ఈకలు వచ్చాక గ్రే వీపు మీద గీతలేమీ లేని లేత బూడిద రంగు. రెడ్-నెక్డ్ వీపు అంతకంటే ముదురు, దాని మీద పొడుగునా తెల్లటి గీతలు. అయితే ఈకలు మార్చుకునే నెలల్లో గ్రే వీపు మీద పాత నల్ల ఈకలు మిగిలి ఉంటాయి. కాబట్టి "వీపు నల్లగా ఉంది, రెడ్-నెక్డే" అని ఒక్క గుర్తుతో తేల్చకండి.

సైజు నమ్మొద్దు. రెడ్-నెక్డ్ 18–19 సెం.మీ., గ్రే 20–22 సెం.మీ. నీళ్ల నడుమ పోల్చుకోవడానికి ఏమీ లేని పిట్టలో ఆ రెండు మూడు సెంటీమీటర్లు ఎవరి కంటికీ అందవు.

ఆకుచాటు

ఎర్ర గుర్తు వచ్చిందంటే మీరు తప్పన్నట్టు కాదండీ. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికీ ఒక ఫిల్టర్ ఉంటుంది. ఫలానా జాతి ఫలానా నెలలో ఎన్ని దాకా కనబడితే మామూలో ఆ ప్రాంతం తెలిసిన వలంటీర్లు ఒక అంకె పెడతారు. అంకె సున్నా అయితే ఒక్క పిట్టకే గుర్తు పడుతుంది, 50 అయితే 51వ దానికి పడుతుంది. 3 కొట్టబోయి 300 కొట్టినా అడిగేది ఇదే.

పెట్టెలో చాలామంది రాసేది: "చాలా స్పష్టంగా చూశాను, అనుమానం లేదు." ఇందులో పిట్ట గురించి ఒక్క ముక్కైనా లేదు. మీరు చెప్పినవాటితోనే ఇలా రాయొచ్చు:

"చెరువు నడుమ ఒక్కటే, సుమారు 120 మీటర్ల దూరం, 10 నిమిషాలు, 8×42తో చూశాను. మొత్తం సమయం ఈదుతూనే ఉంది, గుండ్రంగా తిరుగుతూ నీటి పైభాగాన్ని పొడిచింది. తల తెల్లన, కంటి నుంచి వెనక్కి నల్ల మచ్చ. ముక్కు నల్లన, సన్నన. వీపు మీద గీతలు ఉన్నదీ లేనిదీ ఆ దూరంలో తేలలేదు. ఎగరలేదు కాబట్టి రెక్క పట్టీ చూడలేదు. కాళ్లు చూడలేదు. నల్ల మచ్చ ఉండటం, పూర్తిగా ఈదుతూ మేయడం వల్ల మార్ష్ శాండ్‌పైపర్ కాదనుకున్నాను."

సూర్యుడు ఎటున్నాడో కూడా చేర్చండి. చూడనివాటిని "చూడలేదు" అని రాయడానికి మొహమాటపడొద్దు. ఆ మూడు "చూడలేదు"ల వల్లే మిగతా మాటలకు విలువ వస్తుంది. పుస్తకంలోని గుర్తులన్నీ వరసగా అప్పజెప్పిన వర్ణన చూడగానే రివ్యూయర్‌కి అనుమానం మొదలవుతుంది. పుస్తకం తెరవకముందే నోట్సు రాసెయ్యమనేది అందుకే. తెరిచాక కళ్లు చూసిందేదో, బొమ్మ చెప్పిందేదో విడదీయడం కష్టం. రాయడం కుదరని చోట ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోండి, పిట్టను చూస్తూనే చెప్పొచ్చు.

చోటు విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. 5 కిలోమీటర్లు నడిచి ఒకే చెక్‌లిస్ట్‌లో (చూసిన పిట్టల జాబితా) అన్నీ వేస్తారు. మ్యాపులో ఉండేది ఒక్క పిన్ను, పిట్ట ఉన్నది ఇంకెక్కడో. అరుదైన పిట్ట కనబడగానే నడక చెక్‌లిస్ట్ ముగించి, అక్కడే నిలబడి కొత్తది మొదలుపెట్టండి. 30 మీటర్ల లోపలే కదిలితే అది స్టేషనరీ (ఒకే చోట ఉండి చూసినది) కింద లెక్క. పిన్ను మీరు నిలబడ్డ చోట పెట్టి, పిట్ట ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో వివరాల్లో రాయండి.

రివ్యూయర్ నుంచి మెయిల్ వస్తే దాన్ని కోర్టు నోటీసులా చూడకండి. ఆయనా వలంటీరే. చెక్‌లిస్ట్‌లో సవరణ చేసి, చేశానని జవాబివ్వండి. ఒప్పుకోకపోయినా మీ సొంత జాబితాలో ఆ పిట్ట ఉంటుంది. అందరికీ కనబడే మ్యాపుల్లోకి మాత్రం వెళ్లదు.

గట్టుబాట

ఇద్దరికీ థాంక్సండీ. ఫొటోలు మళ్లీ పెద్దవి చేసి చూశాను. మొత్తం 31 ఫ్రేముల్లో రెండింటిలో ముక్కు మొదలు కొంచెం లేతగా ఉంది. వీపు అంతా ఒకే లేత బూడిద రంగు, గీతల్లేవు. ఇప్పుడు గ్రే అనిపిస్తోంది. ఎక్స్‌పోజర్ ఆటోలోనే పెట్టాను. షార్ప్ చేసి చూస్తే గీతల్లాంటివి కొన్ని వచ్చాయి.

నీటికోడి

ఆ షార్ప్ చేసిన ఫొటో తీసి పక్కన పెట్టండి. నాయిస్ తగ్గించే, షార్ప్ చేసే యాప్‌లు కొన్ని లేని ఈకలను కల్పించి గీస్తాయి. అది కనబడితే అసలు ఫొటోల మీద కూడా నమ్మకం పోతుంది.

అసలు సమస్య ఎక్స్‌పోజర్. ముదురు నీళ్ల మీద చిన్న తెల్ల పిట్ట ఉంటే కెమెరా నీళ్లను చూసి వెలుతురు పెంచేస్తుంది. తెలుపు మాడిపోతుంది, దాంతో పాటు వీపు మీది సన్న గీతలూ కరిగిపోతాయి. అంటే ఎక్కువ వెలుతురు పడ్డ రెడ్-నెక్డ్ అచ్చం గ్రేలా కనబడుతుంది! మళ్లీ వెళ్తే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ −0.7 నుంచి −1 దాకా తగ్గించండి, షటర్ 1/1000 లేదా అంతకంటే వేగంగా ఉంచండి, రా ఫైల్‌గా (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) తీయండి. పిట్ట ఆకాశం ముందు ఎగురుతుంటే దీనికి తలకిందులు, అక్కడ వెలుతురు పెంచాలి, లేకపోతే నల్లని నీడే మిగులుతుంది.

ముక్కు మొదలు రెండు ఫ్రేముల్లోనే లేతగా ఉందంటే నీటి మెరుపో, కదలికకు అలుక్కుపోవడమో అయి ఉండొచ్చు. 60 పిక్సెళ్ల పిట్టలో ముక్కు మందం ఒక పిక్సెలో రెండో. దాని రంగు చెప్పడానికి అది చాలదు. వరస ఫ్రేముల్లో, తల వేరువేరు వైపులకు తిరిగినప్పుడు కూడా అదే రంగు నిలబడితేనే లెక్కలోకి తీసుకోండి.

స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే దూరదర్శిని) ఉన్నవాళ్లను తోడు తీసుకెళ్లండి. ఐపీస్‌కి ఫోన్ ఆనించి వీడియో తీస్తే, ఫొటోల కంటే వీడియోలోనే ముక్కు ఆకారం బాగా తెలుస్తుంది. ఎగిరే క్షణం దొరికితే వదలొద్దు.

ఇప్పటికైతే రెడ్-నెక్డ్ తీసేసి "రెడ్-నెక్డ్/రెడ్ ఫలరోప్" అనే స్లాష్ పేరు (రెండింటిలో ఏదో ఒకటి అని) వేయండి. గ్రేకి ఈబర్డ్‌లో రెడ్ ఫలరోప్ అని పేరు. మీ వర్ణనకు అంతవరకే బలముంది. రేపు మంచి ఫొటో వస్తే ఆ రోజు చెక్‌లిస్ట్‌లో పూర్తి పేరు వేసుకోవచ్చు.

పొద్దుగూడు

చోటు చెప్పడం గురించి ఎవరూ రాయలేదు. నా మాట: చెప్పకండి. గుంపుగా వచ్చి గట్టంతా తొక్కేస్తారు, కెమెరాలతో నీళ్లలోకి దిగుతారు. పిట్ట వెళ్లిపోయాక ఎక్కిస్తే సరిపోతుంది.

ఆకుచాటు

పొద్దుగూడు గారూ, గూడు కట్టిన పిట్ట అయితే మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. పగలు ఒకే కొమ్మ మీద నిద్రపోయే గుడ్లగూబ, వేటగాళ్లో పిట్టలమ్మేవాళ్లో కన్నేసే జాతి, ఇలాంటివాటికి చోటు బయటపెట్టకూడదు. అక్కడ చెక్‌లిస్ట్‌ని దాచిపెట్టే వీలు ఈబర్డ్‌లోనే ఉంది, పిల్లలు ఎగిరిపోయాక తెరవొచ్చు. ముప్పున్న కొన్ని జాతుల చోటును ఈబర్డ్ తనంతట తానే మరుగుపరుస్తుంది. అలాగే ఫొటో ఫైల్‌లో జీపీఎస్ అంకెలు దాగి ఉంటాయి. గ్రూపులో ఒరిజినల్ ఫైల్ పెట్టేముందు వాటిని తీసేయడం మరవొద్దు, చోటు రాయకుండా ఫొటోతో చెప్పేసినట్టవుతుంది.

కానీ ఈ ఫలరోప్ వలసలో ఆగిన పిట్ట. ఫలరోప్‌లు గూడు కట్టేది ఉత్తరాన, ఈ రెండు జాతులైతే ఆర్కిటిక్ ప్రాంతాల్లో. చలికాలం గడిపేది సముద్రం మీద. లోతట్టు చెరువులో ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఇక్కడ గుర్తింపే తేలలేదు. ఇంకో రెండు జతల కళ్లు, ఒక స్కోప్ ఈ రోజే అవసరం, వచ్చే వారం కాదు. 120 మీటర్ల అవతల నీటి నడుమ ఉన్న పిట్టకు గట్టు మీద నిలబడ్డవాళ్ల వల్ల వచ్చే ఇబ్బంది కూడా తక్కువే.

చెప్పేటప్పుడు మాత్రం పూర్తిగా చెప్పండి: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ నిలబడకూడదు, సూర్యుడు వెనక ఉండాలంటే పొద్దున ఏ గట్టు, చివరిసారి ఎన్నింటికి కనబడింది. "చెరువులో ఫలరోప్ ఉంది" అని ఒక్క వాక్యం పడేస్తేనే జనం చుట్టూ తిరిగి అన్నీ తొక్కేది.

పొద్దుగూడు

సరే, ఈ పిట్ట వరకు ఒప్పుకుంటున్నాను. నీళ్లలోకి దిగొద్దని, పిట్ట కూతల రికార్డింగులు ప్లే చేయొద్దని అదే మెసేజ్‌లో రాయండి. ఫలరోప్‌లు మనుషులను పెద్దగా లెక్కచేయవు, దగ్గరికి రానిస్తున్నాయి కదా అని ఇంకా ముందుకెళ్తారు. మేత ఆపి తలెత్తి చూస్తోందంటే అప్పటికే దగ్గరైనట్టు, రెండడుగులు వెనక్కి.

ఆ బెదరకపోవడం చూసి "పంజరం నుంచి తప్పించుకున్నదేమో" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బాతులకు, చిలుకలకు ఆ ప్రశ్న న్యాయమే. కాలికి రింగు, కత్తిరించిన రెక్క ఈకలు, అరిగిన తోక చూడాలి. ఫలరోప్‌కి బెదరకపోవడం పుట్టుకతో వచ్చిన గుణం.

నీటికోడి

రింగు మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. పిట్ట ఒడ్డెక్కితే కాళ్లు చూడండి. ఉల్లంకి జాతులకు రంగు జెండాలు కడతారు, ఏ రంగు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఎక్కడ కట్టారో తెలుస్తుంది. కుడి, ఎడమ అన్నవి పిట్టవి, మీవి కావు. కాలి మడత పైనా కిందా, పై నుంచి కిందికి వరసగా రంగులు రాయండి. ఒక కాలే కనబడితే రెండోది చూడలేదని రాయండి, "లేదు" అని కాదు.

కెమెరా గడియారం కూడా సరిచూసుకోండి. ఫొటోలో 7:20, చెక్‌లిస్ట్‌లో 9:20 ఉంటే రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఫొటోలు కత్తిరించినవి ఒకటి రెండు, కత్తిరించనివి ఒకటి రెండు ఎక్కించండి. మసకవైనా సరే, ఎక్కించండి.

గట్టుబాట

స్లాష్ పేరుకి మార్చాను, వర్ణన మార్చి రాశాను. రేపు 6:30కి తూర్పు గట్టు మీద ఉంటాం, స్కోప్ తెచ్చేవాళ్లు దొరికారు. పిట్ట లేకపోతే ఏం చేయాలి?

ఆకుచాటు

ఉన్నవన్నీ లెక్కపెట్టి పూర్తి చెక్‌లిస్ట్ వేయండి, ఫలరోప్ లేకుండా. ఎన్ని నిమిషాలు వెతికారో వ్యాఖ్యలో రాయండి. గ్రూపులో కూడా "8 దాకా చూశాం, లేదు" అని పెట్టండి, దూరం నుంచి బయల్దేరేవాళ్లు ఆగుతారు.