అప్‌డేట్: చెల్లికి వచ్చిన ఆనర్ సొసైటీ మెయిల్ సంగతి

అమెరికాలో అడ్వర్టైజింగ్ చదువుతున్న మా చెల్లికి, డబ్బు కడితే ఆనర్ సొసైటీలో (బాగా చదివే విద్యార్థుల్ని గుర్తించి చేర్చుకునే సంఘం) చేర్చుకుంటామని మెయిల్ వచ్చింది, నమ్మొచ్చా అని అడిగాను కదా. ముందు డిపార్ట్‌మెంట్‌లో కనుక్కోమన్న అందరికీ చాలా థ్యాంక్స్. ఆ పేరు అక్కడ ఎవరూ వినలేదట! అప్పటికే కార్డు నంబరు సగం కొట్టేసింది పిచ్చిది.

వాళ్ల ప్రొఫెసర్ గారు ఆల్ఫా డెల్టా సిగ్మా అనే అడ్వర్టైజింగ్ ఆనర్ సొసైటీకి ప్రయత్నించమన్నారు. 1913లో మిస్సోరీ యూనివర్సిటీలో పుట్టింది, ఇప్పుడు అమెరికన్ అడ్వర్టైజింగ్ ఫెడరేషన్ చూసుకుంటోంది. జీపీఏ (4కి లెక్కేసే మార్కుల సగటు) 3.25 ఉండాలి, చెల్లిది 3.4. దీనికీ ఫీజు ఉంది, కాబట్టి ఫీజు అడిగినంత మాత్రాన మోసం అనుకోకండి. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ విద్యార్థుల ఆనర్ సొసైటీ కప్పా టౌ ఆల్ఫాకైతే క్లాసులో మొదటి 10 శాతంలో ఉండాలి, అది కష్టమే.

నిన్న రాత్రి మార్కుల షీటు ప్రింట్ తీసి, నీలం ఫైల్లో పెట్టి వీడియో కాల్‌లో చూపించింది. సోమవారం ఇస్తుంది.