సాంచెల షెడ్డులో పనిచేసేవారి వినికిడిని కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: సిరిసిల్ల కార్మికుడి కుమార్తె

మా నాన్న సిరిసిల్లలో ఇరవై ఏళ్లకు పైగా సాంచెలు (మరమగ్గాలు) నడుపుతున్నారు. పన్నెండు గంటల షిఫ్టులో ఒక్కరే ఎనిమిది సాంచెలు చూసుకుంటారు. కొంతకాలంగా ఆయనకు మాట వినబడుతోంది గానీ ఏమన్నామో తెలియడం లేదు. చిన్నపిల్లల మాటలైతే అసలు పట్టుకోలేకపోతున్నారు. ఫోన్ మాట్లాడేటప్పుడు ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారుస్తూ ఉంటారు. రాత్రి పడుకున్నాక చెవుల్లో కీచుమనే శబ్దం ఆగదని అంటున్నారు. "సాంచెల మోత అలవాటైపోయింది, ఇప్పుడు ఇబ్బంది లేదు" అనేది ఆయన మాట.

నా అసలు ఆందోళన మా తమ్ముడి గురించి. వాడు ఈ ఏడాదే అదే షెడ్డులో చేరాడు, చెవుల్లో దూది పెట్టుకుని పనిచేస్తున్నాడు. నాన్నగారి వినికిడి తిరిగి వస్తుందా? తమ్ముడికి దూది సరిపోతుందా? షెడ్డులో ఆరేడుగురే ఉంటారు, ఈ.ఎస్.ఐ. లేదు. ఇలాంటి చోట చట్టం ఏమైనా రక్షణ ఇస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు)

మీరు చెప్పిన లక్షణాలు దీర్ఘకాలం పెద్ద శబ్దంలో పనిచేయడం వల్ల వచ్చే వినికిడి లోపంతో సరిపోతున్నాయి. అయినా పరీక్ష లేకుండా నిర్ధారించకూడదు, ఎందుకంటే గులిమి గట్టిపడినా, చెవిలో చీము పట్టినా, కర్ణభేరికి రంధ్రం పడినా వినికిడి తగ్గుతుంది, వాటికి చికిత్స ఉంది.

శబ్దం వల్ల జరిగే నష్టం లోపలి చెవిలో, కాక్లియాలో ఉండి శబ్దాన్ని గ్రహించే రోమకణాలకు జరుగుతుంది. ఒక్కో చెవిలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. మనిషిలో అవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు, వాటిని తిరిగి మొలిపించే మందు ఇప్పటికి లేదు. ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ పరిసరాల్లోని, అంటే సన్నని ధ్వనుల వినికిడి. మన మాటల్లో అచ్చులు బలంగా, తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి కాబట్టి అవి చెవికి అందుతూనే ఉంటాయి. స, శ, త, క వంటి హల్లులను వేరుచేసి చూపే సన్నని ధ్వనులు మాత్రం జారిపోతాయి. నాన్నగారికి గొంతు వినబడి మాట అర్థం కాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. మోత అలవాటైపోయిందని ఆయన అనడం నన్ను కలవరపెడుతోంది, ఎందుకంటే చెవి శబ్దానికి అలవాటు పడదు. మోత ఒకప్పటిలా బాధించకపోతే, వినే శక్తి తగ్గి ఉండే అవకాశమే ఎక్కువ.

ఇద్దరికీ ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించండి. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రికి గానీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ వినికిడి లోపాల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి గానీ వెళ్లవచ్చు. 3000, 4000, 6000 హెర్ట్జ్ దగ్గర కూడా కొలవమని అడగండి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు సాంచెల మోతకు దూరంగా ఉండాలి, లేకపోతే షిఫ్టు వల్ల తాత్కాలికంగా తగ్గిన వినికిడి శాశ్వత లోపంలా కనిపిస్తుంది. నాన్నగారికి సరిగా అమర్చిన వినికిడి యంత్రం చాలావరకు ఉపయోగపడుతుంది. తమ్ముడి నివేదికను మాత్రం భద్రంగా దాచండి, ఇకముందు ఏటా చేయించే పరీక్షలను దానితోనే పోల్చి చూడాలి.

దూది వల్ల ప్రయోజనం దాదాపు లేదు. దానివల్ల కలిగే భరోసాయే ప్రమాదం. దాని బదులు ఫోమ్ ఇయర్‌ప్లగ్ వాడాలి.

జవాబు 2: నూలు మిల్లులో భద్రతాధికారి

షటిల్ మగ్గాల షెడ్డుల్లో శబ్దం సాధారణంగా 95 డెసిబెల్స్ దాటి ఉంటుంది, 100 చేరడమూ అరుదు కాదు. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి పరిమితి 90 డెసిబెల్స్. ఆపైన ప్రతి 5 డెసిబెల్స్‌కు అనుమతించే సమయం సగమవుతుంది కనుక 95 దగ్గర నాలుగు గంటలు, 100 దగ్గర రెండు గంటలు మాత్రమే. పన్నెండు గంటల షిఫ్టుకు ఇదే లెక్క కడితే పరిమితి 87కు దిగుతుంది. నా దృష్టిలో ఈ పరిమితి కూడా ఉదారమైనదే. అమెరికాలో పనిచోట ఆరోగ్యంపై పరిశోధించే నియోష్ సంస్థ ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్‌నే సిఫారసు చేస్తుంది, ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయాన్ని సగం చేస్తుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలు గడిపితే రోజంతటికీ అనుమతించిన మోతాదు పూర్తయినట్టే.

ఇక చట్టం విషయం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం ఉండేది, అంటే ఇది ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తివ్యాధి. కానీ విద్యుత్తు వాడే చోట కనీసం పదిమంది ఉంటేనే ఆ చట్టం దానంతటదే వర్తించేది. 85వ సెక్షన్ కింద చిన్న షెడ్డులకూ వర్తింపజేసే అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానికి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. సిరిసిల్లలో పని ఎక్కువగా ఆసాముల (కొద్ది సాంచెలున్న చిన్న యజమానుల) చేతిలోని చిన్న షెడ్డుల్లో జరుగుతుంది కాబట్టి, మోత ఎక్కువగా భరించేవారే తనిఖీకి అందకుండా పోతున్నారు. ఇది సరిదిద్దవలసిన అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నష్టపరిహారం దారి మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని మూడో షెడ్యూలులోని 'బి' భాగంలో చేర్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అలాగే ఉంచింది, విద్యుత్తుతో ఉత్పత్తి జరిగే చోట పనిచేసేవారి విషయంలో కార్మికుల సంఖ్య పరిమితి పెట్టలేదు. అయితే ఆ పనిలో కనీసం ఆరు నెలలు వరుసగా ఉన్నట్టు చూపాలి. అసలు చిక్కు అక్కడే ఉంది, ఎందుకంటే ఒక ఆసామి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి మారే కార్మికుడి చేతిలో ఏ కాగితమూ ఉండదు. మీ నాన్నగారి కూలి లెక్కల చిట్టీలు, గుర్తింపు కార్డు, సంఘం సభ్యత్వం, ఏది దొరికితే అది ఇప్పుడే పోగుచేసి, కార్మిక సంఘం ద్వారా లేబర్ అధికారిని కలవండి. వైకల్య ధ్రువపత్రం గురించి కూడా అడగవచ్చు గానీ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటల పౌనఃపున్యాల్లో రెండు చెవులకూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. 4000 దగ్గర మొదలయ్యే ఈ లోపం ఆ గీత దాటేసరికి మనిషి చాలా కోల్పోయి ఉంటాడు.

జవాబు 3: సాంచెల మరమ్మతు చేసేవాడిని

పై ఇద్దరూ చెవి గురించి, చట్టం గురించి చెప్పారు, నేను మోత పుట్టే చోటు గురించి చెబుతాను. నాడెను (షటిల్‌ను) ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి కొట్టి పంపే దెబ్బ, అది అక్కడ ఆగేటప్పుడు తగిలే దెబ్బ, నిమిషానికి నూరుకు పైగా సార్లు పడతాయి. నాడెను కొట్టే పికర్ అరిగినా, బోల్టులు వదులైనా, బేరింగులు ఎండినా అదే సాంచె ఇంకా పెద్దగా మోగుతుంది. అరిగినవాటిని వెంటనే మార్చడం, సాంచె కాళ్ల కింద మందపాటి రబ్బరు పలకలు వేయడం, కండెలు చుట్టే యంత్రాన్ని గోడ అవతలికి జరపడం ఆసాములు చేయగలిగిన పనులే. పైన రేకులు, చుట్టూ సిమెంటు గోడలు ఉన్న షెడ్డులో మోత తిరిగి తిరిగి కొడుతుంది కనుక, మోతను పీల్చే పలకలను కప్పు కింద బిగించినా కొంత తగ్గుతుంది, నిప్పు అంటుకోని రకం అయితేనే సుమా. వీటిలో ఏ ఒక్కటీ అద్భుతం చేయదు. కానీ 3 డెసిబెల్స్ తగ్గినా చెవికి చేరే శక్తి సగమవుతుంది కాబట్టి చిన్న మరమ్మతును తక్కువగా చూడకూడదు. నాడె లేని రేపియర్ మగ్గాల్లో ఈ దెబ్బ ఉండదు గానీ, ఆ పెట్టుబడి ఆసామికి అందేది కాదు, సేట్లు, ప్రభుత్వం కలిసి రావాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చెవులు మూసుకుంటే నాడె ఇరుక్కున్న చప్పుడు తెలియదని, పోగు తెగితే బట్ట చెడిపోతుందని తమ్ముడు భయపడుతున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు 1: ఆడియాలజిస్టు

ఆ భయం సహజమే. కానీ ఇయర్‌ప్లగ్ మోతనూ సాంచె చప్పుడునూ కలిపే తగ్గిస్తుంది కాబట్టి, వినికిడి బాగున్న మనిషికి చప్పుడులో వచ్చే తేడా వినబడుతూనే ఉంటుంది. కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. ఇప్పటికే లోపం ఉన్న నాన్నగారికి మాత్రం కొంత కష్టమే, ఆయనకు తక్కువ తగ్గింపు ఇచ్చే రకాన్ని పరీక్ష తర్వాత ఎంచుకోవాలి.

మెత్తటి ఫోమ్ ప్లగ్‌ను శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగా కూర్చోలేదని అర్థం. ప్లగ్ పెట్టె మీద 30 డెసిబెల్స్ తగ్గింపు అని రాసి ఉంటే వాడకంలో సగమే లెక్కపెట్టుకోవడం మంచిది. అలా 15 తగ్గినా 100 డెసిబెల్స్ 85కు వస్తుంది. అయితే 85 అన్నది ఎనిమిది గంటల లెక్క కాబట్టి, పన్నెండు గంటల షిఫ్టు మధ్యలో మోత లేని చోట విరామం కూడా కావాలి. ఎనిమిది గంటల్లో అరగంట ప్లగ్ తీసేసి మోతలో తిరిగినా, 30 డెసిబెల్స్ కాపాడే ప్లగ్ 12 మాత్రమే కాపాడినట్టవుతుంది. కాబట్టి పక్కవారితో మాట్లాడాలంటే ప్లగ్ తీయవద్దని, షెడ్డు బయటికి వచ్చి మాట్లాడమని తమ్ముడికి చెప్పండి.