‘తిరుమల’ అనే సీతాకోకచిలుక పేరు గురించి

అలిపిరి మెట్ల దారిలో తీసిన ఫొటో ఇది. నల్లటి రెక్కల మీద లేత నీలం చుక్కలు, గీతలు. శాస్త్రీయ నామం వెతికితే ‘తిరుమల సెప్టెంట్రియోనిస్’ అని వచ్చింది! ఏటా వలస వెళ్లి తిరిగి వస్తుందట కదా, ‘తిరుగుమల’ కాస్తా తిరుమల అయిందేమో? పెద్దలు చెప్పాలి.

— పేరు నిజమే, తమ్ముడూ. ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లిషు కీటక శాస్త్రజ్ఞుడు 1880లో ఈ ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు, తిరుమల అని పేరు పెట్టాడు. ‘తిరుగుమల’ను మాత్రం వదిలేయండి. తిరునాళ్లలో ఉన్న తిరు, నల్లమలలో ఉన్న మల, అంతే. మధ్యలో ‘గు’ ఎక్కడా జారిపోలేదు.

నన్ను పట్టుకున్నది రెండో మాట. సెప్టెంట్రియోనిస్ అంటే లాటిన్‌లో ఉత్తర దిక్కుకు చెందినది. ఇంకా వెనక్కి వెళితే ‘ఏడు దుక్కిటెద్దులు’. మనం సప్తర్షులను చూసుకున్న చుక్కల్లో రోమన్లు ఎద్దులను చూసుకున్నారు. అవి ఉత్తరాన కనిపిస్తాయి కనుక ఆ దిక్కుకే ఆ పేరు వచ్చింది. అంటే మీ ఫొటోలో ఉన్నది ‘ఉత్తరాది తిరుమల’! కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి, నవ్వు ఆగలేదు.

పోనీ వలస అయినా ఉత్తరానికా అంటే, కాదు. నైరుతి వానలు పడమటి కనుమల మీద విరుచుకుపడకముందే, ఏప్రిల్, మే నెలల్లో, అక్కడి నుంచి తూర్పు మైదానాలకు దిగుతాయి. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి నవంబరు లోపు, గుంపులు గుంపులుగా మళ్లీ పడమరకు.

— మాస్టారూ, చిత్తూరు నుంచి నాదొక మాట. దీని పిల్లను గొంగళిపురుగు అనడానికి నాకు నోరు రాదు. ఒంటి మీద నూగన్నది లేదు. నున్నటి చారల ఒళ్లు, ముందు రెండు, వెనక రెండు నల్లటి కొమ్ముల్లాంటివి. గొంగళి కప్పుకోని గొంగళిపురుగు! తినేది పాలు కారే తీగల ఆకు. ఒంట్లో విషం ఉండటం వల్ల పక్షులు దీని జోలికి పెద్దగా రావు. ఇక పెద్దయ్యాక మగవి ఎండిన జనుము కొమ్మల మీద గుంపుగా వాలి రసం పీలుస్తాయి, ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి.

— ధన్యవాదాలు అక్కా, మాస్టారూ. ఫొటో పెద్దది చేస్తే నాలుగు కాళ్లే కనిపిస్తున్నాయి. రెండు విరిగాయా? లేక దీన్ని షట్పదం అనకూడదా?

— విరగలేదు. ముందు జత పొట్టిగా ఛాతీకి అంటుకుని ఉంటుంది, దానితో నడవదు. లెక్కకు షట్పదమే. కాకపోతే ఆ మాటను నిఘంటువులు ఎప్పుడో తుమ్మెదకు రాసిచ్చేశాయి.