సర్కారు బాకీకి మా చెల్లె సర్టిఫికెట్లు ఎందుకు కుదువ ఉండాలె?

నర్సంపేట_మిర్చి (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్తే. మా చెల్లె హన్మకొండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీల బీటెక్ పాసైంది. కాలేజీ పేరు రాస్తలేను, పిల్ల కాగితాలు ఇంకా వాళ్ల చేతులనే ఉన్నయ్. హైదరాబాద్‌ల చిన్న కంపెనీల నౌకరి వచ్చింది. జాయిన్ అయ్యేనాడు పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), మార్కుల మెమోలు ఒరిజినల్స్ చూపెట్టాలె. కాలేజీకి పోతే అకౌంట్స్ సెక్షన్‌ల మేడం కంప్యూటర్ చూసి "70,000 డ్యూ ఉన్నది, కట్టి తీస్కపోన్రి" అన్నది.

లెక్క చెప్త. మాది బీసీ. చెల్లెకు ఎంసెట్‌ల పదివేల లోపు ర్యాంకు రాలే, అందుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద సర్కారు ఏడాదికి 35,000 మటుకే ఇస్తది. కాలేజీ ఫీజు 75,000. మీద మిగిలిన 40,000 ఏటా, నాలుగేండ్లు బాపే కట్టిండు, రశీదులన్నీ ప్లాస్టిక్ కవర్ల పెట్టి దాచిన. మొదటి ఏడు, 2021ల, నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోట మొత్తం ముడుచుకపోయింది. ఆ ఏడు అవ్వ మెడల గుండ్లు కుదువ పెట్టి కట్టినం. అవి ఇంకా విడిపించలే.

ఇప్పుడు అడుగుతున్న 70,000 మేం ఎగ్గొట్టింది కాదు. మూడో ఏడుది, నాలుగో ఏడుది సర్కారు ఇయ్యాల్సిన 35,000 చొప్పున. ఈపాస్‌ల (సర్కారు స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ల) చూస్తే శాంక్షన్ అయింది. ట్రెజరీకి బిల్లు పోయింది, ఆ బిల్లుకు టోకెన్ నంబరు కూడా పడ్డది. పైసలే పడలే. "మీరు ముందు కట్టున్రి, సర్కారు ఏసినంక వాపస్ ఇస్తం" అంటున్రు. అడ్మిషన్ అప్పుడు బాపుతోని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నరట, సర్కారు ఇయ్యకపోతే మేమే కడ్తమని. ఆయనకు చదువు రాదు.

బాకీ ఉన్నది సర్కారుకూ కాలేజీకీ నడుమ. నడుమ మా చెల్లె ఏం బాకీ పడ్డది? ఇది న్యాయమా కాదా, మీరే చెప్పున్రి.

సుబేదారి_సార్:
తమ్మీ, నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. నీ బాధ అబద్ధం కాదు. కానీ అవతలి గోడ వైపు నుంచి కూడా ఒకసారి చూడు. మా క్లాసులో 60 మంది ఉంటే 50 మంది దాకా రీయింబర్స్‌మెంట్ పిల్లలే. అంటే కాలేజీ ఆదాయంలో పెద్ద భాగం ప్రభుత్వం చేతిలో ఉంది. అది రెండేళ్లు ఆగితే కరెంటు బిల్లు ఆగదు, బస్సుల డీజిల్ ఆగదు. ఆగేది మా జీతం. పోయిన ఏడాది నాకు నాలుగు నెలలు జీతం రాలేదు. ఇంటి ఈఎంఐకి బామ్మర్ది దగ్గర చెయ్యి చాచిన. 2025 నవంబరులో రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టింది ఊరికే కాదు. సర్కారు హామీ ఇచ్చినంక తెరిచినం.

సర్టిఫికెట్ చేతికి ఇచ్చేస్తే ఆ పిల్లవాడు మళ్లీ కాలేజీ గడప తొక్కడు. రేపు ప్రభుత్వం ఆ బిల్లు రద్దు చేస్తే కాలేజీ ఎవరిని అడగాలి?

నర్సంపేట_మిర్చి:
సార్, మీ జీతం ఆగుడు కూడ అన్యాయమే, నేను కాదంటలేను. కానీ మీ జీతం ఆపింది ఎవరు? మా చెల్లె కాదు గదా. సర్కారును అడగలేక, అడిగితే ఇయ్యక, మా బాపును పట్టుకుంటున్రు. ఆయన గల్లా పట్టుకుంటే ఊకుంటడు గనుక.

పరకాల_అక్క:
ఇంజినీరింగ్ వాళ్లది నలుగురికి కనవడ్తది. డిగ్రీ పిల్లల సంగతి ఎవరూ మాట్లాడరు. మా పక్కింటి పిల్ల బీకాం. దోస్త్‌ల (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లల) సీటు వచ్చింది, ఫీజు తక్కువే. మూడో ఏడు పరీక్ష ఫీజు కట్టనియ్యలే, పాత బకాయి తెమ్మన్నరు. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది గనుక పిల్ల రోజూ హన్మకొండ పోయి వచ్చేది. బస్సు పైసలు మిగిలినయ్ అని సంబురపడ్డం. గేటు కాడ ఆపితే బస్సు ఫ్రీ అయ్యి ఏం ఫాయిదా? ఇప్పుడు బట్టల షాపుల కూసుంటున్నది. పెండ్లి సంబంధాలు చూస్తున్రు.

ఫాతిమానగర్_నిట్:
నేను ఇక్కడే వరంగల్ నిట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థ) చదువుతున్నాను. మా దగ్గర ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఎస్సీ, ఎస్టీ వాళ్లకు పూర్తి మాఫీ. మిగతావాళ్లలో ఇంటి ఆదాయం లక్ష లోపుంటే పూర్తి మాఫీ, 5 లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. మా నాన్న కాజీపేటలో టైలర్, నేను కట్టేది ఆ మూడో వంతే. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఇది మాఫీ. ఫీజు చలానాలోనే తగ్గి వస్తుంది. ముందు కట్టు, తర్వాత ఇస్తాం అనే మాటే లేదు, టోకెన్ లేదు, ట్రెజరీ లేదు. మా ఇంటికీ నర్సంపేట అన్న వాళ్ల ఇంటికీ పేదరికంలో పెద్ద తేడా ఏమీ లేదు. తేడా ర్యాంకులో ఉంది. ర్యాంకు తక్కువ వచ్చినవాళ్లకే సాయం కూడా తక్కువ, ఆలస్యం కూడా ఎక్కువ. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

సుబేదారి_సార్:
నిట్‌కు కేంద్రం గ్రాంటు ఇస్తుంది బాబూ. ప్రైవేటు కాలేజీ మాఫీ చేస్తే ఆ లోటు ఎవరు నింపుతారు?

మంచిర్యాల_బొగ్గుబాయి:
నా మాట వేరే. అసలు రీయింబర్స్‌మెంట్ అందనోళ్ల సంగతి. మా నాన్న సింగరేణిల కాంట్రాక్టు కార్మికుడు. నెలకు 17,000 అంటే ఏడాదికి 2,04,000. బీసీలకు పట్టణంల ఆదాయ పరిమితి 2 లక్షలు, ఊర్లల లక్షన్నర. నాలుగు వేల కోసం మొత్తం పోయింది. అదే ఈడబ్ల్యూఎస్ (అగ్రకులాల పేదల) రిజర్వేషన్‌కు 8 లక్షల దాకా పేదలే అంటరు. ఇద్దరు పేదలకు రెండు కొలతలు ఎట్ల పెడ్తరు?

బ్యాంకు లోన్‌కు పోయిన. 7.5 లక్షల దాకా జామీను లేకుండ ఇయ్యాలె అని నేను కాగితం తీస్కపోయి చూపెట్టిన. మేనేజర్ మా నాన్న సిబిల్ స్కోరు (పాత అప్పుల రికార్డు) చూసి, ట్రాక్టర్ ఫైనాన్స్‌ల రెండు కిస్తులు లేట్ అయినయ్ అని పక్కకు పెట్టిండు. 2024 చివర్ల కేంద్రం విద్యాలక్ష్మి అని చదువు లోన్ల పథకం తెచ్చింది గదా, అండ్ల మొదట దేశం మొత్తం మీద 860 సంస్థలే పెట్టిన్రు. మా కాలేజీ అండ్ల లేదు. లోన్ కూడ మంచి కాలేజీల సీటు వచ్చినోనికే అల్కగ దొరుకుతది.

నా ఉపాయం ఒకటే: పైసలు సీదా పిల్లల ఖాతల ఏయాలె. ఎస్సీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ల కేంద్రం వాటా 60 శాతం అట్లనే పిల్లల ఖాతకు పంపాలన్నరు. అందరికీ అట్లనే చేస్తే కాలేజీ మన తలుపు కొట్టి అడగాలె.

పరకాల_అక్క:
ఆంధ్రల 2021 నుంచి తల్లుల ఖాతల్ల ఏసిన్రు తమ్మీ. 2024ల సర్కారు మారినంక మల్ల కాలేజీలకే అన్నరు. తల్లి ఖాతల పడ్డ పైసలు ఆస్పత్రికో, ఎరువులకో పోతే ఏం జేస్తది? ఇంట్ల అప్పుడు ఏది మంట ఎక్కువుంటే దానికే పోతయ్. ఖాత ఎవరిదన్నది కాదు ముచ్చట, టైంకు పడుతున్నయా లేదా అన్నదే.

హన్మకొండ_కోర్టు:
చట్టం సంగతి రెండు ముక్కలు, ఎందుకంటే సగం తెలిసి కొట్లాడితే ఓడిపోతాం. 2018లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నోటిఫికేషన్ ఇచ్చింది: అడ్మిషన్ అప్పుడు పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ సరిచూసి వెంటనే విద్యార్థికి తిరిగి ఇవ్వాలి, సంస్థ దగ్గర పెట్టుకోకూడదు. అది ఆ సర్టిఫికెట్ల గురించి. చదువు పూర్తయ్యాక కాలేజీ చేతుల మీదుగా వచ్చే పీసీ మీద ఆ ఒక్క నోటిఫికేషన్ చూపిస్తే చాలదు. మీ నాన్నగారి సంతకం ఉంది అంటున్నావు కాబట్టి కాలేజీ ఆ కాగితం చూపిస్తుంది. అందుకని ముందు రాతపూర్వకంగా అడుగు: ఏ సర్టిఫికెట్లు, ఏ తేదీన, ఏ కారణంతో ఇవ్వడం లేదో చెప్పండి అని. ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకో. ఈపాస్ స్టేటస్ ప్రింట్ జత చెయ్యి. నోటి మాట మీద కోర్టు ఏమీ చేయలేదు.

సుబేదారి_సార్:
ఇది నేనూ ఒప్పుకుంటాను. ఇంకో మాట చెప్తాను, మా వాళ్లు నా మీద కోపం చేసుకున్నా సరే. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం వచ్చినంక ఊరికో ఇంజినీరింగ్ కాలేజీ లేచింది. ప్రభుత్వం కట్టే ఫీజు మీద లెక్కలు వేసుకుని కట్టిన కాలేజీలు అవి. 2022లో ఇంజినీరింగ్ కనీస ఫీజు 45,000 చేసిన్రు. ప్రభుత్వం ఇచ్చేది మాత్రం అదే 35,000. ఆ పదివేల తేడా అప్పుడే పిల్లల నెత్తిన పడ్డది. అప్పుడు మేమెవరం బంద్ పెట్టలేదు. మా బకాయి ఆగినప్పుడే పెట్టినం. ఇది రాస్తుంటే నాకే కష్టంగా ఉంది.

నీ చెల్లె ప్రిన్సిపల్ దగ్గరికి పో తమ్మీ, అకౌంట్స్ సెక్షన్‌తోనే ఆగకు.

నర్సంపేట_మిర్చి:
సార్ చెప్పినట్టు, వకీలు అన్న చెప్పినట్టు చేసినం. నిన్న చెల్లె, నేను, బాపు ముగ్గురం పోయినం. దరఖాస్తు రెండు కాపీలు రాసిన. ఇన్‌వార్డ్ ముద్ర ఏయనీకి క్లర్కు గంట సేపు కూసోబెట్టిండు. ఏసిండు. బాపు చెప్పులు బయట ఇడిచి ప్రిన్సిపల్ రూంలకు పోయిండు, వద్దన్నా ఇనలే.

ప్రిన్సిపల్ మంచిగనే మాట్లాడిండు. పీసీ ఇయ్యలే. లెటర్ హెడ్ మీద "విద్యార్థిని కోర్సు ఉత్తీర్ణురాలైనది, సర్టిఫికెట్లు కళాశాలలో ఉన్నవి" అని రాసి సంతకం పెట్టిండు. ఎందుకు ఉన్నయో కూడ రాయున్రి సార్ అన్న. అది రాయలే.

ఆ లెటర్ చూసి కంపెనీ జాయిన్ చేసుకుంటమన్నది, ఒరిజినల్స్‌కు 45 రోజులు గడువు ఇచ్చింది. చెల్లె ఆదివారం రాత్రి బస్సుకు పోతది. పొద్దున ఈపాస్ తెరిచి చూసిన. అదే టోకెన్ నంబరు, అదే స్టేటస్. ఇంకా 44 రోజులు ఉన్నయ్. ఇట్లనే ఆగినోళ్లు ఇంకెవరన్నా ఉంటే ఇక్కడ రాయున్రి, అందరివి కలిపి ఒక్కటే దరఖాస్తు పట్టుకోని కలెక్టరేట్‌ల ఫిర్యాదులు తీస్కునే ప్రజావాణికి పోదాం. సోమవారం నేనైతే పోతున్న.